ఊఁ కోసం వదిలిన సందు

టేపక్క చనిపోయిందని ఆళ్లగడ్డ బస్సు కండక్టర్ మా వీధి మలుపులో చెబితే నేను ముందు నమ్మలేదు. అతను అబద్ధాలకోరని కాదు. ఆమె ఏ పని చేసినా దాని వెనకాల ఇంకో పని దాగి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. చావు వెనకాల కూడా ఏదో పెట్టుకునే ఉంటుందనుకున్నాను.

"నువ్వు కళ్ళారా చూసినావా అప్పా?" అని అడిగాను.

"చూసే వస్తాండానక్కా. పొద్దున్నే పోయినాది. ఆళ్లగడ్డకు కబురు నాతోనే పంపిస్తాండారు," అన్నాడు.

ఆళ్లగడ్డకు కబురంటే అక్కడ ఒకే ఒక ఇంటికని నాకు తెలుసు. ఆమె బతికుండగా ఆ ఇంటికి కబురు పోయే దారే లేదు. పోతోందంటే చావు నిజమే.

ఆమె పేరు రాయను. ఆళ్లగడ్డలో ఆ ఇల్లు ఇంకా ఉంది, ఆ ఇంటి మగవాళ్ళకు చదవడం వచ్చు. మేమందరం టేపక్క అనేవాళ్ళం, అది చాలు. ఎనభైల మొదట్లో కువైట్‌లో పనిచేసే బావగారి కొడుకు తెచ్చిచ్చిన టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ ఒకటి ఆమెకుండేది. దాన్ని పాత తుండుగుడ్డలో చుట్టి, చంటిబిడ్డలాగా చంకనేసుకుని, కొప్పులో ఒక పెన్సిల్ గుచ్చుకుని నంద్యాల ఎండలో వచ్చేది. పెన్సిల్ రాసుకోవడానికి కాదు, వదులైన టేపును చుట్టడానికి. ఎవరింటికి పోయినా గడప దాటగానే కూర్చునేది, లోపలికి వచ్చేది కాదు. కాఫీ ఇస్తే తాగేది కాదు, మంచినీళ్ళు కూడా. ఎందుకని అడిగితే "ఎండలో వచ్చినా, పడదు" అనేది. చలికాలంలోనూ అదే మాట. ఆ తాగకపోవడం ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. మనింటి నీళ్ళు తాగని మనిషిని ఎవరు నమ్ముతారు?

ఆమె పెట్టిన ఆట ఇది. ఒక క్యాసెట్ ఇంటింటికీ తిరుగుతుంది. నంద్యాలలో కొన్ని ఇళ్ళు, ఆళ్లగడ్డలో కొన్ని, అందరమూ ఆడవాళ్ళమే. టేపు మన ఇంటికి వచ్చినప్పుడు ముందువాళ్ళు చెప్పింది వినాలి, మనది ఒక కథో పాటో ఊరి ముచ్చటో చేర్చాలి, తర్వాతి ఇంటికి పంపాలి. నంద్యాల ఇళ్ళయిపోగానే ఎర్ర బస్సెక్కి, కండక్టర్ సంచిలో, శిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డ పోతుంది. మళ్ళీ అదే సంచిలో తిరిగి వస్తుంది. మిషను లేని ఇళ్ళకు ఆమే తన మిషను మోసుకుపోయేది.

ఇట్లాంటి ఆటలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. మాట్లాడేవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు. మా వీధిలో ఒక గుమాస్తా భార్య తన తిరుపతి ప్రయాణం క్యాసెట్‌కు ఒక పక్కంతా చెప్పింది, ఆ పక్క అయిపోయేసరికి ఇంకా కొండ ఎక్కలేదు. మిగిలినవాళ్ళు గమ్మున విని, గమ్మున పంపేస్తారు. నేనూ ఆ గమ్మునుండే జాతే. టేపక్కకు మాట్లాడేవాళ్ళతో పని లేదు. "నీది ఐపాయ, ఇంక గమ్మునుండుమ్మే" అని గుమాస్తా భార్య ముఖం మీదే అనేసింది. ఆమె అరిగేలా తొక్కింది మా గడపలు.

"ఏమ్మే, టేపు రెండు తూర్లు మీ ఇంట్లో పండుకొని లేచి పోయినాది. నీది ఒక్క మాటన్నా లేదే," అంది మొదటిసారి వచ్చినప్పుడు.

"నాకేం రావక్కా. కథలు లేవు, పాటలు లేవు," అన్నాను.

"చెప్పమని ఎవురడిగినారు? ఊఁ అను, సాలు."

మిషను మీట నొక్కింది. అందులో ఆమె గొంతే. "ఒక నక్కకు బెల్లం మింద ఆశ పుట్టింది" అంది. తర్వాత ఏమీ లేదు, ఉత్త బుస్సుమనే చప్పుడు. మళ్ళీ "బెల్లం కొనుక్కొని నెత్తిన మూట పెట్టుకొని వస్తాంది" అంది. మళ్ళీ ఖాళీ. ప్రతి మాట తర్వాతా ఒక సందు. ఆ సందులో మనం రెండు మీటలు కలిపి నొక్కి ఊఁ అనాలి, అని వెంటనే వదిలేయాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ చెప్పేవాళ్ళు ఆగిపోతారని మన దగ్గర పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ చెప్పేమనిషి ఒక ఊళ్ళో, ఊఁ ఇంకో ఊళ్ళో ఉండడం నేనెక్కడా వినలేదు. మీట వదలడం తెలియక ఒకామె ఊఁ కొట్టబోయి నక్కనూ బెల్లాన్నీ రెండింటినీ చెరిపేసింది. టేపక్క విసుక్కోకుండా ఆ ముక్క మళ్ళీ చెప్పింది.

నాకు మాత్రం అనుమానం మొదలైంది. కథ కావాలని అడిగితే సరే. పాట కావాలంటే సరే. ఊఁ ఎందుకు? ఊఁను ఏం చేసుకుంటుంది? చివరికి విసుగొచ్చి ఒకటి అన్నాను. ఆమె దాన్ని తిప్పి విని తల ఊపింది.

"నీ ఊఁ పోలీసోళ్ళు స్టేషన్లో కొట్టే ఊఁ మాదిరి ఉండాది. పోనీలే, మొదలు పెడితివి," అంది.

మా వెనక వీధిలో ఒక దర్జీ భార్య ఉండేది. పలకరిస్తే తల దించుకుని లోపలికి పోయే మనిషి. టేపక్క ఆమెను ఊఁ కూడా అడగలేదు. "మీ కుట్టుమిషను సప్పుడు పెట్టుమా, సాలు" అంది. తర్వాతి సారి కుట్టుమిషను మధ్యలో ఒక దగ్గు వచ్చింది. ఆ తర్వాత ఒక ఊఁ. ఏడాది తిరిగేసరికి ఆ దర్జీ భార్య అత్తగారి మీద చెప్పే ముచ్చట్లకు మా వీధంతా కడుపు పట్టుకుని నవ్వేది. అవి ఆ అత్తగారి చెవిన పడకుండా టేపును చీర మడతల్లో పెట్టి పంపుకునేవాళ్ళం.

ఇదంతా మంచి పనిలాగే కనిపిస్తుంది. నేనూ ఎదుటివాళ్ళ మంచిని ఒప్పుకోలేని దాన్నేమీ కాదు. కానీ వీధిలో తలా ఒక మాట అనుకునేవాళ్ళు. నూనెమిల్లులో లెక్కలు రాసే మా ఆయన "కంపెనీ మనిషై ఉంటాది. ముందు అలవాటు చేసి, తర్వాత మిషన్లు అంటగడతారు" అన్నాడు. పెళ్ళీడు పిల్లలున్న పక్కింటామె, ఇది పిల్లల గొంతులు వినిపించి సంబంధాలు కుదిర్చే పేరమ్మ పని అంది. మా కాలంలో నోరుమూసుకున్నవాళ్ళు బతికారు, డెబ్బైల్లో మాటకు అరెస్టు చేసిన రోజులు చూశాం, నోరు తెరిపించడానికి తిరిగే మనిషి ఊరికే తిరగదని మా మామగారు తేల్చేశారు.

నేను కనిపెట్టింది వేరు. ఆళ్లగడ్డ నుంచి టేపు వస్తే ఆమె మా కథలేవీ వినేది కాదు. ముందుకు తిప్పి ఒక చోట ఆపి చెవి ఆనించేది. వెనక్కి తిప్పి మళ్ళీ వినేది. అక్కడ ఎప్పుడూ ఏమీ ఉండదు, నక్క కథలో సందులే. ఆమె ముఖం చిన్నబోయేది. పెన్సిల్ కొప్పులో గుచ్చుకుని లేచిపోయేది. ఆళ్లగడ్డలో ఏదో ఒక ఇంటి నుంచి ఆమెకు ఒక ఊఁ కావాలి, అది రావడం లేదు. మాతో కొట్టించే ఊఁలన్నీ దానికి ముసుగే. అది తెలిశాక నాకు కోపం కూడా వచ్చింది.

ఒకరోజు ఆమే అడిగింది. "నాతో ఆళ్లగడ్డకు వస్తావా? ఒక ఇంట్లో టేపు ఇచ్చి రావాల." ఏముందో చూద్దామని బస్సెక్కాను. ఆళ్లగడ్డ బస్టాండులో దిగగానే ఆమె టీ బంకు పక్కన అరుగు మీద కూలబడింది.

"నువ్వు పో. ఆ సందులో పెద్ద గేటు ఇల్లు. నేనీడ కూసుంటా."

"నువ్వెందుకు రావు?"

"మోకాళ్ళు."

"బస్సు మెట్లు ఎక్కినప్పుడు లేవే మోకాళ్ళు. చెప్తావా, ఎనక్కి పోదామా?" అన్నాను. నేను కదలనని ఆమెకు తెలిసిపోయింది.

"ఆడ ఉండేది నా చెల్లెలు," అంది.

అరుగు మీదే చెప్పింది, ఎటో చూస్తూ. తల్లి లేకపోతే చెల్లెల్ని ఆమే పెంచింది. డెబ్బైల్లో ఆ ఇంటికి ఇచ్చారు. పెళ్ళయిన ఏడాదే ఈమె అత్తగారి వాళ్ళకూ ఆ ఇంటికీ పొలం గట్టు దగ్గర తగాదా వచ్చింది. గొడ్డళ్ళు లేచాయి, ఈమె భర్త తమ్ముడికి ఒక కాలు పోయింది. అప్పటి నుంచి రెండిళ్ళకూ రాకపోకలు లేవు. చెల్లెలు ఎట్లా ఉందో చెప్పేవాళ్ళు లేరు. అడిగితే ఇక్కడి మగవాళ్ళకు కోపం, చెప్తే అక్కడి మగవాళ్ళకు కోపం.

"నేను కత చెప్తే అది ఊఁ కొట్టేది," అంది. "నిద్రొస్తా ఉంటే ఒక ఊఁ లోపల్లోపలే అనేది. నేను ఆపేస్తానని భయపడి, బేగా ఇంకో ఊఁ అనేది. ఎప్పుడూ రెండు. ఆ రెండూ వినబడితే అది బాగుండాదని నాకు తెలుస్తాది. అంతే నాకు కావాల్సింది."

"మరి వాళ్ళు నీ గొంతు గుర్తుపట్టరా?"

"పెండ్లిలో విన్నారు, మేళాల మధ్యన. ఆడోళ్ళ గొంతు ఎవురు గుర్తు పెట్టుకుంటారు?"

టేపు పట్టుకుని ఆ ఇంటికి పోయాను. అత్తగారు గట్టి మనిషి, మాటకారి. మజ్జిగ ఇప్పించింది. టేపులో పాటలంటే ఆమెకు ప్రాణం, అందుకే ఆ ఇంట్లోకి టేపు పోగలిగింది. "మీ ఇంటి నుంచి ఏమీ రాలేదే పెద్దమ్మా" అన్నాను. "మా ఇంట్లో ఆడోళ్ళ గొంతు బస్సెక్కదమ్మా" అంది. వంటింటి తలుపు వెనకాల ఒక చీర కుచ్చెళ్ళు మాత్రం కనిపించాయి, కదలకుండా.

ఇంతలో కొడుకు వచ్చాడు. ఆ చెల్లెలి మొగుడు. మీసాలు, తెల్ల చొక్కా. వచ్చీ రాగానే వాళ్ళింటి మిషను ముందు కూర్చున్నాడు.

"నువ్వేనా ఈ టేపు మనిషివి? ఒకటి అడగాల. ఈ నక్క ఎవురు?"

"నక్కేనప్పా."

"నెత్తిన మూట ఏందీ?"

"బెల్లం."

"చీమలు ఎంటబడి 'నక్క మామా, నెత్తిన ఏందీ?' అని అడిగితే 'రాయి' అని అబద్ధం చెప్పింది. ఆ చీమలెవురు? మేమా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతను నవ్వడం లేదు. ఆ టేపును తనవాళ్ళతో కూర్చుని ఎన్నిసార్లు విన్నాడో పాపం, నక్క అంటే ఫలానా నాయకుడనీ, అది కుందూ ఏరు దాటడమంటే ఫలానా రోజనీ లెక్కలు కట్టుకున్నట్టున్నారు. మా సీమలో నక్క కథను కూడా నక్క కథగా వినరు.

"మాటకీ మాటకీ మధ్యన గమ్మున ఉండాది చూడు. ఆడ ఏం చెరిపినారు?" అన్నాడు.

"చెరపలేదప్పా. ఊఁ కొట్టడానికి వదిలింది."

"ఎవురు కొట్టాల?"

"వినేవాళ్ళు. నమ్మకం లేకుంటే నువ్వే కొట్టి చూడు," అని లేచి వచ్చేశాను. టేపక్కకు జరిగింది చెప్తే ఆమె తల పట్టుకుంది. ఇక ఆ ఇంటికి టేపు పోదనుకున్నాం.

పోవడం కాదు, ఆ ఇంటి నుంచే టేపు వచ్చింది. కండక్టర్ తెచ్చిచ్చాడు. టేపక్క మా గడప దగ్గర కూర్చుని మీట నొక్కింది. "ఒక నక్కకు బెల్లం మింద ఆశ పుట్టింది" అంది టేపు. సందులో "ఊఁ" అని వచ్చింది. మగ గొంతు. పంచాయితీలో పెద్దమనిషి అన్నట్టు బరువుగా. కథ పొడుగునా ప్రతి సందులోనూ అదే, ఒక్కటీ వదలకుండా. పరీక్షకని మొదలుపెట్టి మధ్యలో ఎక్కడో కథలో పడిపోయినట్టున్నాడు. చీమల దగ్గర ఊఁ కాస్త తొందర తొందరగా వచ్చింది.

టేపక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మా మరిది ఊఁ కొడతాండాడు సూడు" అని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఉన్నట్టుండి ఆగి, మిషనుకు చెవి పెట్టింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది.

"వాని ఎనకాల ఇంకొకటుండాది. వినబడలా? ఊఁ... ఊఁ. రెండు. తలుపు ఎనకాల నుంచి."

నేను చెవి ఆనించి విన్నాను. మీసాల ఊఁ తప్ప నాకేమీ వినబడలేదు. ఆ మాటే చెప్పాను.

"నీకేం తెలుసు," అంది. ఆ క్యాసెట్ తీసి తుండుగుడ్డలో చుట్టుకుంది. "ఇది ఇంక బస్సెక్కదు."

ఆమె కోరుకున్నది ఆమె చెవికి వినిపించిందని నా అనుమానం. ఆకలిగొన్నవాడికి అన్నం వాసన రావడంలో వింతేముంది? పాపమనిపించింది, కానీ నమ్మలేకపోయాను. వేరే క్యాసెట్టు తిరుగుతూనే ఉంది, ఆమె గమ్మునుండే ఇళ్ళకు పోతూనే ఉంది. అదీ నాకు అర్థం కాలేదు. ఒకసారి అడిగేశాను.

"నీకు కావాల్సిన ఊఁ వచ్చిందంటివే. ఇంకా ఎందుకు తిరుగుతాండావు?"

"ఎవురి ఊఁ ఎవురికి కావాల్నో మనకేం తెలుసుమ్మే," అంది.

ఇన్నేళ్ళూ ఆమెతో తిరిగి, ఆ ఒక్క మాటను మాత్రం నేను అనుమానించలేకపోయాను.

కండక్టర్ కబురు చెప్పిన రోజు మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి వాళ్ళు టేపక్క ఇంటికి వచ్చారు. పెళ్ళికి పోకపోయినా చెల్లుతుంది, చావుకు పోకపోతే చెల్లదు. ఎంత పగ ఉన్నా ఆ ఒక్క గడప తొక్కాల్సిందే. ఆ మీసాలాయన వీధిలో మగవాళ్ళతో నిలబడ్డాడు, కాలు పోయిన మనిషికి కాస్త ఎడంగా. అత్తగారూ కోడలూ లోపలికి వచ్చారు. చెల్లెల్ని అప్పుడే మొదటిసారి చూశాను. అక్క ముఖమే, కాస్త నలుపు. ఏడుస్తుందనుకున్నాం. శవం కాళ్ళు పట్టుకుంది, వదిలింది, పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. కన్నీటి చుక్క లేదు, మాట లేదు. ఎవరో "ఏడువమ్మా, ఏడిస్తే మేలు" అన్నారు. అత్తగారే "దానికి మాట రాదులే. మా ఇంట్లోనూ అంతే" అంది.

మగవాళ్ళు శవాన్ని తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ళం మిగిలాం. మూలన పీట మీద తుండుగుడ్డలో మిషను అట్లాగే ఉంది. నేనెందుకు లేచానో నాకే సరిగ్గా తెలియదు. ఆమె మీద ప్రేమ కొంత, ఆ రోజు నుంచి మనసులో పీకుతున్న అనుమానం కొంత. తుండుగుడ్డ విప్పాను. క్యాసెట్ లోపలే ఉంది, అదే క్యాసెట్. మీట నొక్కాను.

"ఒక నక్కకు బెల్లం మింద ఆశ పుట్టింది" అంది టేపక్క గొంతు.

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. సందులో బరువుగా "ఊఁ" అని వచ్చింది. అత్తగారు తలెత్తింది. ఆ ఊఁ ఎవరిదో తల్లికి తెలియకుండా ఉంటుందా? ఇన్నాళ్ళూ తమ ఇంట్లో మోగిన గొంతు ఎవరిదో కూడా అప్పుడే తెలిసింది. ఆమె ముఖం రాయిలా అయిపోయింది. ఆపేద్దామని చెయ్యి పెట్టాను.

"ఉండనీమ్మే," అంది అత్తగారు.

"బెల్లం కొనుక్కొని నెత్తిన మూట పెట్టుకొని వస్తాంది."

మగ గొంతు ఊఁ అంది. అది ఆగక ముందే గోడ దగ్గర నుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, గొంతులోనే మునిగిపోయిన ఊఁ. వెంటనే, ఎక్కడ ఆపేస్తారోనని భయపడినట్టు, ఇంకొకటి.

నేను మిషనుకు చెవి ఆనించాను. ఇప్పుడు ఏం వినాలో నాకు తెలుసు. "చీమలు ఎంటబడినాయి" అంది టేపు. మీసాల ఊఁ వచ్చింది. దాని వెనకాల, ఎక్కడో తలుపు అవతల, సన్నగా, రెండు. గోడ దగ్గర నుంచీ అవే రెండు, అదే సమయానికి.

కథ చెప్పే ఆమె ఆ రెండూ పూర్తయ్యేదాకా ఆగింది. ఆగి, "నక్క కుందూలో దిగినాది" అంది.